స్వెత్లానా అంటే శ్వేతేనా?

పేర్ల గురించి పాఠకులు అడిగే సందేహాలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రష్యన్ పేరు చుట్టూ తిరిగాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా తాతయ్య మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాలు తెగ చదివేవాడు. ఆ ఇష్టంతోనే మా అమ్మకు స్వెత్లానా అని పేరు పెట్టాడు. అది మన శ్వేతేననీ, రష్యన్ల పూర్వీకులైన స్లావులు వేల ఏళ్ల కిందట పెట్టుకున్న పేరనీ అనేవాడు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మొదటి మాట దాదాపు నిజం. రెండోది కాదు. పేరులోని ధాతువు చాలా పాతది, పేరు మాత్రం కొత్తది. దాని వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకు, అంతే.

ముందు ధాతువు సంగతి. రష్యన్‌లో ‘స్వెత్’ అంటే వెలుగు. ‘లోకం’ అనే అర్థం కూడా ఆ మాటకే ఉంది. దాని నుంచి ‘స్వెత్లీ’ అనే విశేషణం వచ్చింది, అంటే కాంతివంతమైన అని. దానికి ఆడపేర్లలో కనిపించే ‘ఆనా’ చేరితే స్వెత్లానా. కాబట్టి అర్థం ‘వెలుగు’ అని కాదు, ‘వెలుగుతో నిండినది’ అని. తెలుగువాళ్ల పేర్లలో దీప్తి, ప్రభ, జ్యోతి దీనికి దగ్గర.

ఈ ‘స్వెత్’, సంస్కృతంలోని ‘శ్వేత’ తోబుట్టువులే. రెండూ ఇండో-యూరోపియన్ అనే ఒకే భాషా కుటుంబపు మూలం నుంచి వచ్చాయి. సంస్కృతంలో ‘శ’ నిలిచిన చోట రష్యన్‌లో తరచు ‘స’ కనిపిస్తుంది: శతం అక్కడ ‘స్తో’, దశ ‘దేస్యత్’, శ్రవస్సు ‘స్లోవో’. మాటలకు మాటలే ఇలా వరసగా కుదురుతుంటే దాన్ని కాకతాళీయం అనలేం. ఇంగ్లిష్‌లో తెలుపును చెప్పే ‘వైట్’ కూడా ఈ కుటుంబంలోదే. అయితే అర్థాలు దారిలో విడిపోయాయి. సంస్కృతంలో రంగు మిగిలింది, రష్యన్‌లో కాంతి మిగిలింది. తెలుపుకు రష్యన్‌లో ‘బేలీ’ అనే వేరే మాట ఉంది.

ఇంతమాత్రాన రష్యన్లు సంస్కృతం నుంచి ఎరువు తెచ్చుకున్నారని కాదు. అక్కచెల్లెళ్లు ఒకరి ముక్కు ఒకరి దగ్గర అప్పు తీసుకోరు కదా. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, శ్వేత మనకు సంస్కృతం నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే, ద్రావిడ మాటల్లోనూ తెలుపూ వెలుగూ ఒకే వేరు నుంచి మొలిచాయి: వెల్ల వేయడంలోని వెల్ల, వెలుగు, వెండి, వెన్నెల. వెన్నెల అంటే తెల్లని నెల, అంటే తెల్లని చందమామ.

ఇక పేరు సంగతి. స్వెత్లానా పాతకాలపు స్లావుల పేరని పేర్ల పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వస్తున్నాయి. నిజానికి ఇది పుస్తకంలో పుట్టింది. అలెక్సాందర్ వొస్తోకొవ్ 1802లో రాసిన ‘స్వెత్లానా, మ్‌స్తిస్లావ్’ అనే పద్యకథలో నాయిక పేరుగా మొదట కనిపిస్తుంది. మ్‌స్తిస్లావ్ నిజంగానే పాత రాజుల పేరు. దాని పక్కన నిలబెట్టడానికి అంతే పాతదిలా వినిపించే ఆడపేరు కావాల్సి వచ్చింది. ఆ పేరు కూర్చినవాడు తన ఇంటిపేరునూ అలాగే కూర్చుకున్నాడు. వొస్తోకొవ్ బాల్టిక్ జర్మన్ కుటుంబంలో ఓస్టెనెక్ అనే ఇంటిపేరుతో పుట్టాడు. జర్మన్‌లో ‘ఓస్ట్’ అంటే తూర్పు, రష్యన్‌లో తూర్పు ‘వొస్తోక్’. తర్వాత ఆయన స్లావ్ భాషల చరిత్రలో పెద్ద పండితుడయ్యాడు. 11వ శతాబ్దపు ఓస్త్రొమీర్ సువార్త ప్రతిని 1843లో పరిష్కరించి అచ్చువేసింది ఆయనే. అంటే పాత భాష పోకడ బాగా తెలిసినవాడి చేతిలో ఈ పేరు తయారైంది. అందుకే అతుకు కనిపించదు.

పేరును ఊరూరా తిప్పింది మాత్రం కవి వసీలీ జుకోవ్‌స్కీ. ఆయన ‘స్వెత్లానా’ అనే కథాగేయం 1813లో అచ్చయింది. క్రీస్తు బాప్తిస్మ పండగ ముందు రాత్రి అమ్మాయిలు జోస్యం చూసుకుంటున్నారు. చెప్పు తీసి గేటు బయటికి విసరడం, మైనం కరిగించడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. చెప్పు మొన ఎటు తిరిగి పడితే పెళ్లికొడుకు అటునుంచి వస్తాడని నమ్మకం. స్వెత్లానా మాత్రం ఇద్దరికి భోజనం వడ్డించి, అద్దం ముందు కొవ్వొత్తి పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటుంది. దూరాన ఉన్న ప్రియుడు వచ్చి గుర్రాలు లాగే మంచుబండిలో ఎక్కించుకుపోతాడు. చివరికి చూస్తే అతను శవం. అంతలో మెలకువ వస్తుంది, అదంతా కల. తెల్లారాక అసలు ప్రియుడు క్షేమంగా గుమ్మంలో దిగుతాడు.

జర్మన్ కవి బ్యూర్గర్ రాసిన ‘లెనోరా’ దీనికి మూలం. జుకోవ్‌స్కీ 1808లోనే అదే కథను ‘ల్యుద్మీలా’ పేరుతో విషాదాంతంగా రాశాడు. రెండోసారి రాసినప్పుడు ముగింపుతో పాటు నాయిక పేరునూ మార్చాడు. చీకటి కల, కొవ్వొత్తి వెలుగు, ఆపైన పొద్దుపొడుపు ఉన్న కథకు ఇంతకంటే తగిన పేరు దొరకదు. పూష్కిన్ ‘యెవ్గేనీ ఒనేగిన్’ అయిదో అధ్యాయం పైన ఇందులోని రెండు పాదాలే పెట్టుకున్నాడు. అర్జమాస్ అనే సాహిత్య బృందంలో సభ్యులందరికీ జుకోవ్‌స్కీ గేయాల్లోని మాటలే ముద్దుపేర్లు. అందులో జుకోవ్‌స్కీ పేరు ‘స్వెత్లానా’, కుర్ర పూష్కిన్ పేరు ‘కీచురాయి’. ఆ కీచురాయి కూడా ఈ గేయంలో అర్ధరాత్రి కూసేదే.

ప్రశ్న: అంత పేరొచ్చినా పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన స్వెత్లానాలు కనపడరెందుకు?
– ఒక అధ్యాపకుడు, ఖమ్మం

జవాబు: అప్పట్లో పేరు పెట్టడం తల్లిదండ్రుల చేతిలో లేదు, చర్చి చేతిలో ఉండేది. పురోహితుడు సాధువుల జాబితా తెరిచి, ఏ రోజున ఏ సాధువు పండగో చూసి, అందులోని పేరుతోనే బాప్తిస్మమిచ్చేవాడు. స్వెత్లానా అనే సాధ్వి ఎవరూ లేరు కాబట్టి ఆ పేరు రిజిస్టరులోకి ఎక్కదు. దాంతో మనుషులకు పెట్టడానికి వీల్లేని పేరు ఓడలకు పెట్టారు. రష్యన్ నౌకాదళంలో ‘స్వెత్లానా’ పేరుతో వరసగా యుద్ధనౌకలున్నాయి. వాటిలో ఒకటి 1905లో జపాన్‌తో జరిగిన త్సుషిమా యుద్ధంలో మునిగింది. 1910ల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ఫ్యాక్టరీ విద్యుత్ బల్బులకు ఇదే పేరు పెట్టింది. బల్బుకు ఇంతకంటే మంచి పేరేముంటుంది? తర్వాత వాళ్లు తయారుచేసిన రేడియో వాల్వులు గిటార్ ఆంప్లిఫయర్లు వాడేవాళ్లకు నేటికీ తెలుసు.

1917 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం జననాల నమోదును చర్చి నుంచి తీసి ప్రభుత్వ కార్యాలయాలకు అప్పగించింది. ఇష్టమైన పేరు పెట్టుకునే వీలు వచ్చింది. ఆ జోరులో లెనిన్‌ను తిరగేసి ‘నినెల్’, అక్టోబరు విప్లవం పేరిట ‘ఒక్‌త్యాబ్రీనా’ లాంటి పేర్లూ పుట్టాయి. అవి చాలావరకు ఆ తరంతోనే పోయాయి. స్వెత్లానా నిలిచింది. మతం వాసన లేదు, వింతగా లేదు, వెలుగు అనే అర్థం చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. స్టాలిన్ 1926లో కూతురికి ఈ పేరు పెట్టాడు, మరో సోవియట్ నాయకుడు మొలొతొవ్ కూతురి పేరూ ఇదే. 1930ల నుంచి 1970ల దాకా ఇది ఇంటింటి పేరు. ఇప్పుడు పుట్టే పిల్లలకు అరుదుగా పెడుతున్నారు. ఈ రోజు రష్యాలో స్వెత్లానా అని వింటే నలభై దాటిన మనిషే మనసులో మెదులుతుంది. మన దగ్గర ఒకప్పటి సుజాత, విజయలక్ష్మిల్లాగా.

సోవియట్ కాలంలో పుట్టిన స్వెత్లానాలు చర్చిలో బాప్తిస్మం తీసుకోవాలంటే ‘ఫొతీనియా’ అనే పేరు ఇచ్చేవారు. అది గ్రీకు పేరు, దాని అర్థం కూడా వెలుగే. సువార్తలో బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరియ స్త్రీకి సంప్రదాయం ఇచ్చిన పేరు అది. ఆ గ్రీకు ధాతువు మన ‘ప్రభ’లోని ‘భా’కు చుట్టం. స్వెత్లానా శ్వేతకు చెల్లెలైతే, ఆమె బాప్తిస్మపు పేరు ప్రభకు చెల్లెలన్నమాట! తర్వాత తర్వాత చర్చి కూడా స్వెత్లానాను ఫొతీనియాకు రష్యన్ రూపంగా ఒప్పుకుంది. అందుకే స్వెత్లానాలు తమ పేరు పండగను ఫిబ్రవరి 26న గానీ ఏప్రిల్ 2న గానీ జరుపుకుంటారు. అవి ఇద్దరు ఫొతీనియాల రోజులు.

ఫొతీనియాను మొదట్లోనే అనువదించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. గ్రీకు నుంచి సాధువుల పేర్లు తెచ్చుకున్నప్పుడు రష్యన్లు చాలావరకు ఉన్నవున్నట్టే ఉంచేశారు. విశ్వాసం, ఆశ, ప్రేమ అనే అర్థాలున్న ముగ్గురు అక్కచెల్లెళ్ల పేర్లను మాత్రం తమ భాషలోకి మార్చుకుని వేరా, నదేజ్దా, ల్యుబోవ్ అన్నారు. ప్రేమ అని అర్థమిచ్చే ఈ ల్యుబోవ్‌కు సంస్కృతంలో దగ్గరి బంధువు ఎవరో తెలుసా? లోభం.

ప్రశ్న: పత్రికల్లో ‘స్వెట్లానా’ అని, పాత అనువాదాల్లో ‘స్వెత్లానా’ అని చూస్తున్నాం. ఏది సరైనది?
– ఒక ప్రూఫ్ రీడర్, హైదరాబాద్

జవాబు: ‘త’యే సరైనది. ఇంగ్లిష్‌లోని ‘టి’ మన చెవికి ‘ట’లా వినిపిస్తుంది. ఆ అలవాటుతో ఇంగ్లిష్ దారిలో వచ్చిన ప్రతి పేరులోనూ ‘ట’ వేసేస్తాం. రష్యన్ ‘త’ పళ్లకు నాలుక ఆనించి పలికేది, అచ్చం తెలుగు ‘త’. ‘ద’ కూడా అంతే. అందుకే వ్లాడిమిర్ కాదు, వ్లదీమిర్. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని నేరుగా రష్యన్ నుంచి తెలుగు చేశారు కనుక ఆ పుస్తకాల్లో త, ద కనిపిస్తాయి.

రెండో సంగతి ఊనిక. రష్యన్‌లో ఒక పదంలో ఒక్క అచ్చు మీదే బరువు పడుతుంది, మిగతావి నలిగిపోతాయి. ఇక్కడ బరువు ‘లా’ మీద. మొదటి ‘వె’ దాదాపు ‘వి’ అవుతుంది, చివరి ‘న’ పొట్టిగా ముగుస్తుంది. పలికేటప్పుడు ‘స్విత్‌లాఁన’ అన్నట్టు కాకుండా, ముక్కుకు పోనివ్వకుండా ‘స్విత్‌లాన’ అనండి. అచ్చులో ‘స్వెత్లానా’ చాలు, పలుకుబడిని అక్షరాల్లోకి మరీ దించితే పేరు గుర్తుపట్టలేరు. ఉక్రేనియన్‌లో రాతలోనే ‘స్విత్లానా’, బెలారూసియన్‌లో ‘స్వ్యత్లానా’. కాబట్టి ఆ దేశాలవాళ్ల పేరు అలా కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దకండి.

ప్రశ్న: మా అమ్మాయి రష్యాలో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్తోంది. అక్కడ టీచర్లను మేడమ్ అంటే తప్పంటున్నారు. ఉదాహరణకు స్వెత్లానా విక్తొరొవ్నా అనే ఆవిడను ఎలా పిలవాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీరు రాసినట్టే, రెండు మాటలూ కలిపి: ‘స్వెత్లానా విక్తొరొవ్నా’. మనం పేరు చివర ‘గారు’ అన్నట్టు వాళ్లు పేరు తర్వాత తండ్రి పేరు చేరుస్తారు. గౌరవమంతా అందులోనే ఉంది. మేడమ్ అన్నంత మాత్రాన ఎవరూ కోప్పడరు గానీ, పేరు నేర్చుకునే ఓపిక లేదని అనుకుంటారు. క్రియలో ‘మీరు’కు సమానమైన ‘వీ’ వాడాలి, ‘తీ’ అంటే ‘నువ్వు’. ‘స్వెత్లానా’ అని ఒక్కటే అంటే టీచరుకు చాలదు. ‘స్వేతా’ అంటే పెద్ద పొరపాటు.

తండ్రి పేరు నుంచి ఆ రెండో మాట ఎలా తయారవుతుందో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక. తండ్రి పేరు హల్లుతో ముగిస్తే చాలావరకు కూతురికి ‘ఒవ్నా’, కొడుక్కి ‘ఒవిచ్’. విక్తర్ కూతురు విక్తొరొవ్నా, ఇవాన్ కూతురు ఇవానొవ్నా. పేరు ‘య్’తో ముగిస్తే ‘యెవ్నా’: అంద్రేయ్ కూతురు అంద్రేయెవ్నా. పావెల్, లేవ్ లాంటి పేర్లలో మధ్య అచ్చు ఎగిరిపోతుంది: పావ్లొవ్నా, ల్వోవ్నా. ‘ఆ’తో ముగిసే మగపేర్లు వేరే దారి: ఇల్యా కూతురు ఇల్యీనిచ్నా, నికీతా కూతురు నికీతిచ్నా. తీరా క్లాసులో వినేసరికి ఇదంతా కరిగి ‘స్విత్లాన్ విక్తర్నా’ అని వినిపిస్తుంది. అది వేరే మనిషి కాదు, వేగంగా పలికితే అంతే. మీ అమ్మాయి మాత్రం మొదట్లో పూర్తిగానే పలకాలి.

చిన్నపేర్ల వరస కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. స్నేహితులకూ ఇంట్లోవాళ్లకూ ఆమె ‘స్వేతా’. ఇక్కడ బరువు ‘స్వే’ మీదికి మారుతుంది, తెలుగువాళ్లకు అచ్చం శ్వేతలాగే వినిపిస్తుంది. దగ్గరగా ఉన్నప్పుడు పిలిస్తే చివరి అచ్చు కూడా పోయి ‘స్వేత్!’ అంటారు. ముద్దుగా అయితే స్వేతొచ్కా, స్వేతిక్. ఈ రెండోది మగరూపంలో ఉన్నా ఆడపిల్లనే అంటారు. ‘స్వేత్కా’ దగ్గర మాత్రం జాగ్రత్త. చిన్ననాటి స్నేహితులు అనుకుంటే చనువు, బయటివాళ్లంటే చులకన. సుబ్బలక్ష్మిని ‘ఒసే సుబ్బీ’ అన్నట్టు ఉంటుంది. ఏ రూపం వాడాలో మనం ఎంచుకోకూడదు, ఆవిడ తనను తాను ఎలా పరిచయం చేసుకుంటే అలా పిలవాలి.

చదివేటప్పుడు ఇంకో చిక్కు. మనం విభక్తిని పేరు చివర తగిలిస్తాం, పేరు చెదరదు. రష్యన్‌లో చివరి ‘ఆ’ పోయి మరో అచ్చు వస్తుంది. స్వెత్లానాకు అంటే ‘స్వెత్లానే’, స్వెత్లానాను అంటే ‘స్వెత్లాను’, స్వెత్లానాతో అంటే ‘స్వెత్లానొయ్’. తండ్రి పేరు భాగమూ, ఇంటిపేరూ కూడా వెంట మారతాయి. నోటీసు బోర్డులో ‘స్వెత్లానే విక్తొరొవ్నే’ అని ఉంటే ఆవిడకు ఇవ్వమని అర్థం, కొత్త టీచరు వచ్చారని కాదు.

ప్రశ్న: మా మనవరాలికి ఈ పేరు పెట్టాలనుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి? రష్యన్ కాగితాల్లో ఇబ్బంది వస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అసలు పేరు ఎనిమిది అక్షరాలది: ఎస్, వి, ఇ, టి, ఎల్, ఎ, ఎన్, ఎ. ఇందులో ‘హెచ్’ లేదు, ‘డబ్ల్యూ’ లేదు. తెలుగువాళ్లం ‘త’ను ‘టి-హెచ్’ అని రాస్తాం, అందుకే శ్వేత ‘స్వేత్హా’లా తయారవుతుంది. తెలుగులో ‘స్వెత్లానా’ అని రాసిచ్చి, ఇంగ్లిష్ స్పెల్లింగు మీసేవ కేంద్రంలో టైపు చేసేవాళ్లకు వదిలేస్తే ఆ హెచ్ వచ్చి కూర్చుంటుంది. జనన ధ్రువపత్రం దగ్గరే స్పెల్లింగు కాగితం మీద రాసిచ్చి, ముద్రించాక సరిచూసుకోండి. ఆధార్, పాస్‌పోర్టు అన్నీ దాన్నే పట్టుకుని నడుస్తాయి.

ఆ హెచ్ వల్ల రష్యాలో ఏమవుతుందంటే, పాస్‌పోర్టును రష్యన్‌లోకి అనువదించేవాళ్లు ‘టి’కి ఒక అక్షరం, ‘హెచ్’కి ఇంకో అక్షరం వేస్తారు. అప్పుడు ‘స్వెత్‌హ్లానా’ అని చదువుతారు. అక్కడివాళ్లకు పుట్టుకతో తెలిసిన పేరు కూడా గుర్తుపట్టలేని రూపం తెచ్చుకుంటుంది. శ్వేత అనే పేరున్న మన విద్యార్థినులకూ ఇదే సమస్య. రష్యన్ వీసా మీద పేరు రష్యన్ లిపిలోనూ ఉంటుంది. నోటరీ అనువాదం చేయించేటప్పుడు వీసా చూపించి, అక్షరం తేడా లేకుండా అదే రూపం వేయమనండి. వీసాలో ఒకలా, అనువాదంలో ఒకలా ఉంటే తర్వాత డిప్లొమా దాకా ఆ తేడా వెంటాడుతుంది.

ఫారాల్లో మూడు గళ్లుంటాయి. ‘ఫమీలియా’ చూడగానే కుటుంబ వివరాలనుకోకండి, అది ఇంటిపేరు. ‘ఇమ్యా’ పేరు, ‘ఓచెస్త్వో’ తండ్రి నుంచి వచ్చే పేరు. ఇంటిపేరు ముందు రాయడం మనకు అలవాటే కనుక వరస తికమక పెట్టదు. మూడో గడిని పాస్‌పోర్టులో అలాంటిది లేనివాళ్లు ఖాళీగా వదలాలి. తండ్రి పేరు అందులో రాసెయ్యకూడదు. సాయి స్వెత్లానా లాంటి రెండు మాటల పేరుంటే ఆ రెండూ ‘ఇమ్యా’లోనే రాయాలి, లేకపోతే రెండో మాట మూడో గడిలోకి జారుతుంది.

ప్రశ్న: మన అభ్యుదయ కుటుంబాల్లో లెనిన్, స్టాలిన్, గగారిన్, నటాషా అనే పేర్లున్నాయి. రష్యాలోనూ పిల్లలకు ఇలాగే పెడతారా? మా అమ్మాయి పేరు నికిత, అది కూడా రష్యన్ పేరేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లెనిన్, స్టాలిన్ మారుపేర్లు, గగారిన్ ఇంటిపేరు. అక్కడ వాటిని పిల్లలకు పేర్లుగా పెట్టడం మామూలు కాదు. నటాషా నతాలియాకు చిన్నపేరు, ధ్రువపత్రంలో నతాలియా అనే ఉంటుంది. నికీతా రష్యాలో మగపేరు, సోవియట్ నాయకుడు నికీతా ఖ్రుష్చేవ్‌ను గుర్తుతెచ్చుకోండి. మూలం గ్రీకు, అర్థం విజేత. మన దగ్గర అది ఆడపేరు. కానీ ఫోటో లేని ఫారం చూసి హాస్టల్ వాళ్లు అబ్బాయిల గదుల్లో రాసేసే ప్రమాదం ఉంది. లింగం గడి తప్పకుండా నింపండి.

ప్రశ్న: లానా అంటే స్వెత్లానాయేనా? స్వ్యతొస్లావ్ కూడా ఇందులోంచే వచ్చిందా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: లానా స్వెత్లానాకు చిన్నపేరుగా ఉంది, విడి పేరుగానూ పెడతారు. స్టాలిన్ కూతురు స్వెత్లానా అల్లిలూయెవా 1966 చివర్లో తన భారతీయ సహచరుడు బ్రజేశ్ సింగ్ చితాభస్మంతో మన దేశానికి వచ్చి, 1967 మార్చిలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఆశ్రయం అడిగింది. అమెరికాలో స్థిరపడ్డాక ఆమె లానా పీటర్స్ అయింది.

స్వ్యతొస్లావ్ వేరు. అందులోది ‘స్వ్యత్’, అంటే పవిత్రం. ‘స్లావా’ అంటే కీర్తి. రోమన్ లిపిలో చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి, ముఖ్యంగా బెలారూసియన్ స్వ్యత్లానా పక్కన. ఈ పేరు మాత్రం నిజంగానే పాతది: కీవ్‌ను పదో శతాబ్దంలో ఏలిన రాజు స్వ్యతొస్లావ్.